కంట్లో మంచు పువ్వు

మాఘ బహుళ పాడ్యమి

నాలుగో ట్యాంకులో నీళ్ళు మోకాళ్ళ లోతుకు దిగాయి. తాడు కట్టి నన్ను లోపలికి దించారు. గోడలకు పట్టిన పాకుడంతా గీకి, రెండు సార్లు కడిగి, క్లోరిన్ కొట్టి పైకి వచ్చేసరికి పొద్దు వాలింది. సముద్రం మీద తేలే మా తెప్ప మీద ఊరంతా తాగేది ఈ ట్యాంకుల నీళ్ళే. దక్షిణ సముద్రం నుంచి ఓడలు లాక్కొచ్చే మంచుగడ్డ కరిగితే వచ్చే నీళ్ళు. అడుగు పలకలు అరిగిపోయి తెప్ప ఎంత పాతబడినా, నీళ్ళు మాత్రం ఎప్పుడూ కొత్తగా, పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి.

ఇప్పుడు వస్తున్న గడ్డను లాగే ఓడలో మా ఆయన పోలరాజు ఉన్నాడు. వెళ్ళి రెండేళ్ళు. ఓడ అంత దక్షిణానికి పోయాక మా కంట్లో పెట్టుకునే పొరలకు అందదు; అందితే దూరాన ఉన్న మనిషి గదిలో ఎదురుగా కూర్చున్నట్టే కనిపిస్తాడు. పొద్దున లేవగానే పొర వెలుగుతుంది, నాలుగు వార్తలు చూపిస్తుంది, ఆయన పేరు పక్కన మాత్రం ఖాళీ. షష్ఠి నాటికి ఓడ అందుబాటులోకి వస్తుందని రేడియో భూషణం గారు బోర్డు మీద రాశారు. అది చదివినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు.

గీకుతుంటే పాకుడు పెళ్ళ ఒకటి ఊడి ముఖాన పడింది. కుడి కన్ను భగ్గుమంది. పొర తీసి కడుక్కోవాలి, అది చిన్నపిల్లలకూ తెలుసు. కానీ తీస్తే మళ్ళీ కొలతలు చూసి కంట్లో కూర్చోబెట్టడానికి వారం పైనే పడుతుంది. షష్ఠి దాటిపోతుంది. పొర మీదుగానే నాలుగు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుని, పైట కొంగుతో తుడుచుకుని ఇంటికి వచ్చాను.

తదియ

పొద్దున కుడి రెప్పలు అంటుకుపోయి తెరుచుకోలేదు. వేడినీళ్ళ గుడ్డతో పుసి తుడిచాక తెరుచుకున్నాయి. ఇసుక పోసినట్టు గరగర.

పక్క గది కాసులమ్మొదిన బియ్యం చెరుగుతూ నా వైపు చూసింది.

"ఏటే రత్నం, కండ్లకలకా?"

"అలాగే ఉందొదినా."

"పొర తీసెయ్యరాదూ?"

షష్ఠి దాకా తీయనన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆవిడకూ ఎందుకో తెలుసు. బియ్యం పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, బాలింత కోడలిని అడిగి చెంచాడు చనుబాలు తెచ్చింది. "నాలుగు చుక్కలేసుకో, చలవ చేత్తాది" అంది. వేయించుకున్నాను. కాసేపు హాయిగా ఉంది. మధ్యాహ్నానికి మంట రెట్టింపయింది.

పంచమి

వెలుతురు సూదిలా గుచ్చుతోంది. గోనెపట్టా ముఖం మీదికి లాక్కుని పని చేశాను. కంటి నుంచి నీళ్ళు ఆగడం లేదు. మేస్త్రీ ఏడుస్తున్నాననుకుని సగం పూటకే పంపేశాడు.

ఇంటికి వచ్చి తలంటుకున్నాను. గది కడిగాను. ఆయన ఎప్పుడూ కూర్చునే బియ్యం పెట్టె మీద దుప్పటి మార్చాను. పొరలో మనిషి వచ్చి కూర్చుంటే పెట్టె మీది దుప్పటి నలగదు. అయినా మార్చాను.

ఆయన నవ్వితే విరిగిన పన్ను ఏ వైపు కనిపిస్తుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గొంతు గుర్తుంది. చేపల పులుసు జుర్రే చప్పుడు గుర్తుంది. పన్ను ఏ వైపో రాలేదు. రెండేళ్ళలో మనిషి అలా ముక్క ముక్కగా జారిపోతాడని నాకెవరూ చెప్పలేదు.

షష్ఠి

వచ్చాడు.

అన్నం వార్చుతుంటే కంట్లో వెలుగు కదిలింది. తిరిగి చూస్తే బియ్యం పెట్టె మీద మా ఆయన. చేతిలో గంజి అక్కడే దించేశాను.

"ఏటే, చిక్కిపోయేవు" అన్నాడు.

"నువ్వు మాత్రం ఒళ్ళు చేసేవు మావా."

నవ్వాడు. ఆ నవ్వు చూద్దామని దగ్గరికి జరిగాను. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు. జుట్టు కనిపిస్తోంది, భుజాలు కనిపిస్తున్నాయి, ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలోలా ఉంది. కుడి కన్ను మూసుకుంటే పొర జంట తెగి బొమ్మంతా వణికింది. ఆ వణుకులోనే ఒక్క క్షణం తేటగా కనిపించాడు. పన్ను ఎడమ వైపు విరిగి ఉంది.

"పొర పాడైనట్టుంది" అన్నాను.

"పొర కాదే. నీ కన్ను చూసుకున్నావా? మందారప్పువ్వులా ఉంది. డాక్టరమ్మ కాడికెల్లు."

"రేపెల్తాను."

"ఇప్పుడే ఎల్లు. నేనెక్కడికి పోతాను?"

వెళ్ళలేదు. ఆ మబ్బునే చూస్తూ కూర్చున్నాను. ఓడలో విషయాలు చెప్పాడు. మంచుగడ్డ అంచు విరిగి పడితే సముద్రం లేచిన సంగతి చెప్పాడు. మధ్యలో "నీకో మాట చెప్పాల" అని ఆగాడు. "తర్వాత చెప్తాలే, ముందు కన్ను చూపించుకో" అన్నాడు. సాయంత్రానికి అందుబాటు తెగి బియ్యం పెట్టె ఖాళీ అయింది. అప్పటికి నాకు నొప్పి తల వెనక దాకా పాకింది.

సప్తమి

డాక్టర్ సలోమి గారికి యాభై దాటాయి. మా తెప్పకు ఆవిడ ఒక్కతే డాక్టరు. నన్ను చూడగానే కోప్పడింది.

"ఎన్నాళ్ళ నుంచి? చనుబాలు పోశారా? ఎవరు చెప్పారు? పాలలో పురుగు ఇంకా బాగా పెరుగుతుంది. ముందు ఆ పొర తియ్యి."

తీసేటప్పుడు కంటి గుడ్డే ఊడి వస్తోందనిపించింది. పసుపురంగు చుక్క వేసి నీలి దీపం పట్టి, నాకూ అద్దంలో చూపించింది. నల్లగుడ్డు మీద మినపగింజంత మచ్చ పచ్చగా వెలుగుతోంది.

"ఇది కండ్లకలక కాదు రత్నం. కండ్లకలక తెల్లగుడ్డుది, తగ్గిపోతుంది. ఇది నల్లగుడ్డు మీద పుండు. లోతుకు దిగి చిల్లు పడితే కన్ను తీసేయాలి."

తిమ్మిరి చుక్కలు వేసి చిన్న బ్లేడుతో పుండు అంచు గీకింది. నొప్పి లేదు, బ్లేడు కదలడం మాత్రం తెలుస్తోంది. గీకినది గాజుపళ్ళెంలో పూసింది. తర్వాత నా పొర ఉన్న సీసా చేతిలోకి తీసుకుంది.

"ఏ పురుగో తెలియాలంటే దీన్ని కోయాలి. పురుగు ఎక్కువగా దీనికే అంటుకుని ఉంటుంది. ఎడమ కంటిదీ తీసెయ్యి. జంటలో ఒకటి లేకపోతే రెండోదానితో పనీ లేదు, ఆ కన్నునైనా కాపాడుకుందాం."

"సాయంత్రం దాకా ఆగండి డాక్టరమ్మా. ఆయన ఈ రోజూ వత్తాడు."

ఈసారి కోప్పడలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"కన్ను పోయాక ఎందులో చూస్తావమ్మా ఆయన్ని?"

ఎడమ పొర నేనే తీసి ఆవిడ చేతిలో పెట్టాను. కత్తెర చప్పుడు వినలేక బయటికి వచ్చేశాను.

గంటకోసారి చుక్కలు వేయాలి, రాత్రిళ్ళు కూడా. కంటికి కట్టు కట్టకూడదు, వెచ్చదనానికి పురుగు పెరుగుతుందట. చేతులు సబ్బుతో కడుక్కోకుండా రెప్ప తాకకూడదు. నా తువ్వాలు ఇంకెవరూ వాడకూడదు. పాలు పోసినందుకు కాసులమ్మొదిన బిక్కచచ్చిపోయి, చుక్కల పని తనే తీసుకుంది.

నవమి

చుక్కలు పనిచేయడం లేదు. మచ్చ కందిగింజను దాటింది.

డాక్టరమ్మ గాజుపళ్ళెం చూపించింది. పళ్ళెం నిండా పురుగు పచ్చటి మీగడలా పెరిగింది. మధ్యలో ఏడు మందు బిళ్ళలు పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ పురుగు చచ్చి ఖాళీ ఏర్పడాలట. ఏ బిళ్ళ చుట్టూ ఖాళీ లేదు. బిళ్ళల మీదికే ఎక్కింది.

"మా అమ్మమ్మ రోజుల్లో వీటిలో ఏ ఒక్కటి వేసినా వారంలో కన్ను తేటపడేదట" అంది. "అందరూ అన్నిటికీ వాడి వాడి, పురుగులకు అలవాటు చేశారు. ఇప్పుడు మనకు మిగిలింది ఫేజులే."

ఫేజు అంటే పురుగును తినే పురుగు. మా తెప్ప మీద జ్వరాలకూ పుండ్లకూ ఇప్పుడు వాడేవి అవే. ఒక్కో పురుగుకు ఒక్కో శత్రువు ఉంటుంది, ఒకదానికి సరిపోయింది ఇంకోదానికి పనికిరాదు. డాక్టరమ్మ దగ్గరున్న సీసాలన్నీ వేసి చూసింది. ఒక్కటీ నా పురుగును ముట్టలేదు.

"ఇది మన నీళ్ళ పురుగు కాదు, మంచుతో వచ్చింది. పురుగు ఎక్కడ ఉంటే దాన్ని తినేది కూడా అక్కడే ఉంటుంది. నాలుగో ట్యాంకు పాకుడు చెంచాడు తెచ్చిపెట్టు, చాలు."

పాకుడు గీకిన నా చేతుల వంక చూసుకున్నాను.

"కడిగేశానండి. క్లోరిన్ కూడా కొట్టేశాను. ఒక్క మరక లేదు."

ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నేనింకా ఆ పచ్చటి మీగడనే చూస్తున్నాను. మంచుతో వచ్చిందంటే, ఆ మంచు మళ్ళీ వస్తోంది కదా.

"మా ఆయన ఓడ" అన్నాను. "గడ్డ కరిగిపోకుండా కప్పి లాగే సంచికి అడుగున పాకుడు పడతాదండి. అదే చోటి మంచు."

దశమి

పొర లేనివాళ్ళు మాట్లాడాలంటే భూషణం గారి రేడియో గదే దిక్కు. ముసలాయన చెవులకు డబ్బాలు తగిలించుకుని ఎంతో సేపు తిప్పి తిప్పి ఓడను పట్టాడు. అందులో ముఖం ఉండదు. మాట అన్నాక కాసేపు సముద్రం హోరు, ఆ తర్వాత జవాబు.

"రత్నం... ఏటే, కనబడవు?"

"పొర కోసేశారు మావా. కంట్లో పుండు పడింది."

హోరు. నేను మొత్తం చెప్పాను. 

"సంచి అడుగున దిండంత మందాన ఉంది పాకుడు" అన్నాడు చివరికి. "నేనే దిగి గీకుతాను. ఓడ కంటే ముందు గట్టుకొచ్చే పడవ రేపు బయలుదేరతాది, దాంట్లో పంపుతాను. ఎంత కావాలంటే అంత పంపుతాను. కన్ను పోదు కదా?"

"పోదంట, ఇది అందితే."

మళ్ళీ హోరు. వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

"రత్నం, ఆ రోజు చెప్పాలన్న మాట. నన్ను సరంగును చేశారే, ఓడకి పెద్దని. ఇక తెచ్చే గడ్డకి నేనే సరంగుని. మన గడ్డను నడిసంద్రంలో బోయా కాడ మీ లాగుడు పడవలకి అప్పజెప్పేసి, ఓడ అక్కణ్ణించే తిరిగిపోతాది. గట్టుకి రావట్లేదే."

ఆ గొంతులో సంతోషం దాగడం లేదు. దాచాలని ఎంత చూసినా దాగడం లేదు. పెళ్ళయిన కొత్తలో, పడవ కొసన నిలబడి, ఎప్పటికైనా సరంగునవుతానని నాతో అన్న మనిషి.

"మంచిదే మావా" అన్నాను.

భూషణం గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నా ముఖం మా ఆయనకు కనిపించకపోవడం ఆ ఒక్క క్షణం మేలయింది.

అమావాస్య

మొన్న త్రయోదశి నాడు ముందు పడవ వచ్చింది. మూడు డబ్బాలు. ఒక్కోదాని మూత మీద మైనం పోసి, గుడ్డ చుట్టి, తాడుతో ఓడ ముడి వేశాడు. డాక్టరమ్మ విప్పలేకపోతే నేనే విప్పాను. ఆ ముడి నాకు చేతివేళ్ళకే తెలుసు.

పాకుడు నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ నీటిని నా పురుగు ఉన్న పళ్ళెం మీద చల్లింది. మర్నాటికి చూస్తే పచ్చటి మీగడ మీద పెసరగింజలంత ఖాళీలు, అక్కడక్కడా, వాన చినుకులు పడ్డట్టు. డాక్టరమ్మ ఆ పళ్ళెం ఎత్తి వెలుతురుకు పట్టి, "తింటోంది రత్నం, తింటోంది!" అని చిన్నపిల్లలా అరిచింది.

ఆ ఖాళీల్లోంచి తీసినదాన్ని శుభ్రం చేసి, పెంచి, నీళ్ళలాంటి చుక్కలు తయారుచేసింది. ఈ రోజు మొదటి చుక్క తనే వేసింది. చల్లగా ఉంది.

ఫాల్గుణ శుద్ధ విదియ

అమావాస్య రోజు ఇంకా నొప్పి ఉంది. పాడ్యమి నాడు తగ్గింది. ఈ రోజు పొద్దున రెప్పలు అంటుకోకుండా తెరుచుకున్నాయి. వెలుతురు గుచ్చలేదు. కాసులమ్మొదిన నా గడ్డం పట్టుకుని కంట్లోకి చూసి, కళ్ళు తుడుచుకుంది.

పంచమి

పసుపు చుక్క, నీలి దీపం. ఈసారి ఏమీ వెలగలేదు. పుండు మానింది.

"కానీ పువ్వు వేసింది" అంది డాక్టరమ్మ. నల్లగుడ్డు మధ్యలో తెల్లటి మచ్చ. ఆ కంటికి మనుషులు నీడల్లా కనిపిస్తారు, అంతే. చనిపోయినవాళ్ళ నల్లగుడ్డు దొరికితే మార్చవచ్చు, దానికి వరస ఉంది, ఎప్పటికొస్తుందో చెప్పలేదు. "పొర మాత్రం ఇంక వద్దు. ఇలాంటి గుడ్డు మీద కూర్చోదు. కూర్చోబెడితే మళ్ళీ ఇదే గతి."

వింటున్నాను. నాకు వేరే ఆలోచన ఉంది.

"అష్టమికి లాగుడు పడవలు బోయా కాడికి వెళ్తున్నాయండి. నేనూ వెళ్తాను."

వద్దంటుందనుకున్నాను. నల్ల కళ్ళద్దాలు, చుక్కల సీసా చేతిలో పెట్టింది. "సముద్రపు తుంపర కంట్లో పడనివ్వకు. పూటకు రెండు సార్లు చుక్కలు మరిచిపోకు" అంది. గుమ్మం దాకా వచ్చి, "కోప్పడకుండా మాట్లాడు" అని కూడా అంది.

అష్టమి

గడ్డ ముందుగా చలితో తెలిసింది. ఎండలో వెళ్తున్నవాళ్ళం ఒక్కసారిగా దుప్పట్లు కప్పుకున్నాం. తర్వాత మసక, మసకలోంచి తెల్లటి గోడ. దాని వెనక ఓడ. మోకులు ఓడ నుంచి పడవలకు మార్చేంత సేపే మాకున్న సమయం.

తాళ్ళ నిచ్చెన మీద మా ఆయన దిగాడు. నా ముందుకొచ్చి ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియనివాడిలా నిలబడ్డాడు. పొరలో వచ్చే మనిషికి వాసన ఉండదు. ఈయనకు తారు వాసన, చేప నూనె వాసన, తడి ఉన్ని వాసన.

"అద్దాలు తియ్యి, చూడనీ" అన్నాడు.

తీశాను. మచ్చ చూశాడు. వంగి మళ్ళీ చూశాడు.

"నొప్పి ఉందా?"

"లేదు. చుక్కలేసుకునే వేళయింది. పడవ ఊగుతుంటే నా వల్ల కావట్లేదు."

బకెట్టులో చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. మోకు చుట్ట మీద కూర్చోబెట్టి నా తల తన మోకాలికి ఆనించుకున్నాడు. బండబారిన వేలితో కింది రెప్ప లాగి, ఊపిరి బిగబట్టి, పడవ ఒక ఊపుకు ఇంకో ఊపుకు మధ్య ఆగిన క్షణంలో చుక్క వేశాడు. సరిగ్గా పడింది. వేలు తీయలేదు. నేనూ తీయమనలేదు.

"నీ మీద కోపం లేదు" అన్నాను అలాగే తల ఆనించి. "నువ్వు సరంగువయ్యావంటే నాకూ గొప్పే. కానీ నాకు నువ్వు కావాలి మావా. పొరలో కాదు. ఈ వేలితో, ఈ వాసనతో కావాలి. ఇన్నేళ్ళలో ఈ మాట నేను అనలేదు. ఈ రోజు అంటున్నాను."

 పైన ఎవరో అరుస్తున్నారు, చివరి మోకు మారింది.

"మాటిచ్చేశానే" అన్నాడు. "నన్ను నమ్ముకుని ఓడ మీద పద్దెనిమిది మంది ఉన్నారు. ఈ ఒక్క తిరుగుడు. దాని తర్వాత గట్టు మీద పని అడుగుతాను. ఇది నిన్ను ఊరుకోబెట్టడానికి అనట్లేదు."

"సరే."

"నమ్మేవా?"

"నమ్మాలని ఉంది" అన్నాను. అంతకు మించి అబద్ధం చెప్పలేకపోయాను.

ఓడ కూత వేసింది. నిచ్చెన సగం ఎక్కి ఆగాడు. ఒక మెట్టు దిగాడు.  అక్కడి నుంచి నన్ను చూసి, మళ్ళీ ఎక్కాడు. ఓడ తిరిగింది. కుడి కంటికి అది వెంటనే పోయింది. దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కన్నుతో చూసినంత సేపు చూశాను.

పౌర్ణమి

ఈ రోజుతో ఓడ అందుబాటు దాటిపోతుంది. గొంతు రావడం లేదు, హోరే. టక్ టక్ మని మాటల గుర్తులు మాత్రం వెళ్తాయి, వస్తాయి. భూషణం గారు వాటిని విని నాకు చెబుతారు.

"కన్ను ఎలా ఉంది, కనిపిస్తోందా అని అడుగుతున్నాడమ్మా" అన్నారు. "తొందరగా చెప్పు, పోతోంది."

కిటికీలోంచి చూశాను. తెప్ప పక్కన కట్టేసిన గడ్డ ఎండకు మెరుస్తోంది. పిల్లలు దాని పెచ్చులు ఏరుకుని బుగ్గన పెట్టుకుంటున్నారు. కాసులమ్మొదిన మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. కుడి కన్ను ఒక్కదానితో చూసినా గడ్డ తెలుపూ, పిల్లల కదలికా తెలుస్తున్నాయి.

"ఏం పంపమంటావు?"

"కనిపిస్తోందని పంపండి" అన్నాను. "నువ్వు తప్ప అన్నీ కనిపిస్తున్నాయని పంపండి."